ఓవర్‌హ్యాంగ్ బండ: చెయ్యి అంచుకి అందుతోంది, కాళ్ళు ఊడిపోతున్నాయి. ఏం చెయ్యాలి?

కొరిటెపాడు కుర్రోడు

అన్నలకీ అక్కలకీ నమస్తే. నాది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. తెల్లారగట్ల రాయి ఎక్కడం, తొమ్మిదికల్లా యార్డుకి పోవడం, అదీ నా సంగతి.

ఊరికి కాస్త దూరంలో, కొండ వాలులో అటవీశాఖ పెంచిన పార్కు ఒకటుంది. పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆదివారానికల్లా బండ మీద పెయింటుతో ప్రేమికుల పేర్లు పడతాయి. కావాల్సినోళ్ళు విడిగా అడగండి, చెప్తా. వాకింగ్ బాట వదిలి కానుగ చెట్లలోంచి లోపలికి పోతే, ఎప్పుడో కొండ మీంచి దొర్లొచ్చి ఆగిన బండలు కొన్నున్నాయి. వాటిల్లో పెద్దది ఒకవైపు పూర్తిగా ముందుకి వాలి ఉంటది. ఎత్తు 12 అడుగులు మించదు గానీ వాలు మాత్రం ఘోరం, నిలువు నుంచి 40 డిగ్రీలు బయటికి వచ్చి ఉంటది. వానొస్తే మేకలు కాసే తాతా, ఆయన మేకలూ అన్నీ దాని కిందే నిలబడతారు, ఒక్కటీ తడవదు.

ఎక్కే దారి చెప్తా. కింద కూర్చుని మొదలు. రెండు చేతులకీ నిండైన పట్టు, అడ్డంగా గట్టులాగా పోయి కుడివైపు చివర్న కాస్త మందంగా ఉంటది. అక్కడ్నుంచి కుడిచెయ్యి పక్కకి లాగి పట్టుకునే నిలువు అంచుకి. ఎడమచెయ్యి దానికంటే పైనున్న క్రింప్‌కి. క్రింప్ అంటే వేలి మొదటి కణుపులో సగం పడుద్ది, అంతే. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు, నిద్రలో లేపినా చేస్తా. తర్వాతదే తంటా. కుడిచేత్తో పై అంచుకి కొట్టాలి. ఆ అంచు గుండ్రంగా ఉంటది, వేళ్ళు తగిలించడానికి ఏమీ లేదు, అరచెయ్యి మొత్తం వేసి నొక్కాల్సిందే. చెయ్యి అందుద్ది. అందిన మరుక్షణం రెండు కాళ్ళూ బండని వదిలేసి బయటికి ఊగుతాయి. ఆ ఊపుకి చెయ్యి జారుద్ది, తాటిపండులాగా కింద పరిచిన ప్యాడ్ మీద పడతా. ప్రతిసారీ ఇదే వరస.

మా జిమ్ కోచ్ ‘పుల్లప్స్ పెంచు, నడుముకి ప్లేటు కట్టుకుని చెయ్యి’ అంటున్నాడు. నాకు పుల్లప్స్ బానే వస్తాయి. చిన్నప్పట్నుంచి కొట్లో 40 కిలోల మిర్చి టిక్కీలు మోసిన ఒళ్ళు. బలమే చాలట్లేదా, ఇంకేదన్నానా? నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, అది కూడా కారణమా?

ఇంకో రెండు చిన్న సందేహాలు. ఒకటి, ప్యాడ్ నేనే కుట్టించుకున్నా, పాత బూరుగుదూది పరుపుకి రెక్సిన్ తొడుగు. సరిపోద్దా? రెండు, ఈ బండ గ్రేడు, అంటే ఎంత కష్టమో చెప్పే లెక్క, వీ5 అని నా అంచనా, మీరేమంటారు? వీడియో పెట్టా, చూడండి. ఫిబ్రవరి వస్తే కొత్త కాయ యార్డు మీద పడుద్ది, అప్పుడిక నాకు ఊపిరాడదు. ఈలోపే తేలిపోవాలి.

తెనాలి టు హైదరాబాద్

తమ్ముడూ, వీడియో నెమ్మదిగా పెట్టుకుని చూశా. నువ్వు కూడా అలాగే చూడు, చేతిని కాదు, కుడికాలిని చూడు. చెయ్యి అంచుని తాకాక కాలు ఊడట్లేదు. చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే కాలు వదిలేసింది. అంటే నువ్వు ఎక్కట్లేదు, ఎగురుతున్నావు. ఊగి పడేవాడు పుల్లప్స్ పెంచితే ఇంకా గట్టిగా ఊగుతాడు, అంతే జరిగేది. మీ కోచ్‌ని ఏమీ అనకు, ఆయన పని ఆయనకి తెలుసు, ఇది వేరే పని.

వాలు బండ మీద కాలి సంగతి వేరు. వెనక్కి వాలిన బండ మీద మన బరువే కాలిని రాయికి అదుముతుంది, నువ్వు ఊరికే నిలబడితే చాలు. ముందుకి వాలిన బండ మీద అదే బరువు నిన్ను రాయి నుంచి విడదీస్తుంది. కాబట్టి కాలితో నెట్టడం సగం పని మాత్రమే. బొటనవేలి దగ్గర బూటుని పట్టు అంచుకి తగిలించి, నడుముని రాయి వైపుకి లాక్కోవాలి. పాదంతో లాగడం. ఇది అర్థమయ్యేదాకా చేతులు ఎంత బలిసినా లాభం లేదు. హంపిలో నది అవతల సణాపురం వైపు బండల మీద నాకిది బుర్రకెక్కింది. అక్కడి గ్రానైట్ గరుక్కి కాలు దానంతటదే అంటుకుంటుంది అనుకునేవాళ్ళు బాగా వాలు ఉన్న బండ దగ్గరికి రాగానే నీలాగే గాల్లో తేలతారు.

నీ బండకి నేనైతే ఇలా చేస్తా. మొదలుపెట్టిన గట్టు కుడి చివర మందంగా ఉందన్నావు కదా. ఎడమచెయ్యి క్రింప్ మీద పడ్డాక కుడికాలి మడమని ఆ చివర మీదకి వేయి. హీల్ హుక్. మడమని నీ పిరుదు వైపుకి లాగు, తొడ వెనక కండ బిగిసిందని తెలియాలి. అది పట్టి ఉంటే నడుము బయటికి జారదు, కుడిచెయ్యి ఎగరక్కర్లేదు, మెల్లగా జరుగుతుంది. ఒక్క జాగ్రత్త: ఒళ్ళు వెచ్చబడకుండా హీల్ హుక్ గట్టిగా లాగొద్దు. తొడ వెనక కండ పట్టేస్తే నడవడమే కష్టం, ఎక్కడం సంగతి దేవుడెరుగు.

ఇంకోటి. ప్రతిసారీ కింద కూర్చుని మొదలుపెట్టకు. ప్యాడ్ మీద నిలబడి నేరుగా క్రింప్, పక్కపట్టు అందుకుని, ఆ ఒక్క కదలికే చెయ్యి. అది కుదిరాక కింద నుంచి కలుపు.

గ్రేడు అంటావా? వీ స్కేలుని అమెరికాలో, టెక్సస్‌లోని హ్యూకో ట్యాంక్స్ దగ్గర జాన్ షెర్మన్ మొదలుపెట్టాడు. ఆయన ముద్దుపేరు వెర్మిన్, అందులోంచే ఆ ‘వీ’. ఆ స్కేలులో బాగా పైనుండే మెట్టు వీ17. ఫిన్లాండ్‌లో నాలే హుక్కటైవల్ 2016లో ‘బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్’ అనే బండ ఎక్కినప్పుడు ఆ మెట్టు మొదటిసారి వాడుకలోకొచ్చింది. ఆ ఒక్క బండ కోసం ఆయన ఏళ్ళ తరబడి తిరిగాడు. నీ బండ ఎవరూ ఎక్కలేదు, నువ్వూ ఎక్కలేదు. అప్పుడే గ్రేడేంటి? వీడియో చూస్తే నాకు వీ3 దాటదనిపిస్తోంది. కోపం తెచ్చుకోకు.

రాళ్ళ మాస్టారు

బాబూ, నేను కొండలు ఎక్కేవాడిని కాదు. విజయవాడలో జియాలజీ చెప్పి రిటైరైనవాడిని. మీ వీడియోలో కదలికల కంటే రాయే నాకు ఎక్కువ కనిపించింది, అందుకే రాస్తున్నాను.

హైదరాబాదు, హంపి మిత్రులు చెప్పే గ్రానైటు వేరు, మన తూర్పు కనుమల రాయి వేరు. గుంటూరు, కృష్ణా కొండల్లో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి చార్నకైట్: నలుపు మీద నీలి ఛాయ, గట్టిది, కొడితే ఖంగుమంటుంది. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి మీదున్న రాయి ఇదే కావడంతో హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. రెండోది ఖోండలైట్: ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చింది. ఇందులో గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు, కొన్నిచోట్ల గ్రాఫైట్ కూడా ఉంటాయి. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి రాయి ఎర్రగా, గోధుమరంగుగా మారుతుంది. పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరల మధ్యకి నీరు దిగితే లోపల మట్టిగా మారుతుంది. పైకి బండ, లోపల బంకమన్ను.

ఇది పుస్తకాల మాట కాదు. 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో ఇళ్ళ మీద బండలు పడి మనుషులు పోయారు. రెండుసార్లూ వానలే.

మీ బండలో కింది భాగం నల్లగా, నునుపుగా కనిపిస్తోంది, మంచిదే. ఎడమచేతి క్రింప్ ఉన్నచోట మాత్రం ఎర్రటి చారలు, పొరలు ఉన్నాయి. పిడికిలితో తట్టి చూడండి. ఖంగుమంటే వాడుకోండి. డొల్ల శబ్దం వస్తే ఆ పలక ఏదో ఒకరోజు మీ చేతిలోకే వస్తుంది, మీ ముఖం సరిగ్గా దాని కిందే ఉంటుంది. బండ మొత్తం దేని మీద కూర్చుందో కూడా వెనక్కి వెళ్ళి చూడండి. రాతి మీద ఆనిందా, మట్టి మీదా? మట్టి అయితే వానలకి ఆ మట్టి కొట్టుకుపోయిందా? వాన పడ్డాక కనీసం రెండు మూడు ఎండలు కాయనివ్వండి. పైకి ఆరినట్టే ఉంటుంది, పొరల్లో తడి అంత త్వరగా పోదు.

పట్టు చిన్నదిగా ఉందని ఉలితో చెక్కడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం మాత్రం చేయకండి. పై పెంకు పోతే లోపలి మెత్తని భాగం ఇంకా వేగంగా అరుగుతుంది.

ఉదయం నడక

మీరు చెప్పే బండ ఏదో నాకు తెలుసు నాయనా. రోజూ ఆ పక్క నుంచే నడుస్తాను. వెనక వైపు చక్కగా ఎక్కి కూర్చోవచ్చు, మా మనవడు చెప్పులేసుకుని ఎక్కుతాడు. ముందువైపు నుంచే ఎందుకు ఎక్కాలి? ఇంట్లో వాళ్ళకి చెప్పే వస్తున్నారా?

సరే, ఎటూ మానరు కాబట్టి పనికొచ్చే మాట చెబుతాను. ఎండాకాలం మొదట్లో ఆ బండల అడుగున కొండ తేనెటీగలు పట్టు పెడతాయి. పెద్దవి, ఒకటే పట్టు, తెరిచి వేలాడుతూ ఉంటుంది. మీరు ఎక్కే వాలు వాటికీ ఇష్టమే. పట్టు కనిపిస్తే ఆ బండ జోలికి పోకండి, పక్క బండ జోలికి కూడా పోకండి. పొగ పెడదాం, కర్రతో కొడదాం అనే వీరులు ఉంటారు. అవి ఒక్కటిగా కాదు, గుంపుగా వెంటపడతాయి, పార్కులో నడిచే ముసలివాళ్ళని కూడా వదలవు. కిందపడ్డ ఆకుల్లో మీ పరుపు వేసేముందు కర్రతో కదిపి చూడండి, రక్తపింజర ఆకుల రంగులోనే ఉంటుంది. పసుపు కుంకుమ ఉన్న రాయి మీద కాలు పెట్టకండి, అది చెప్పక్కర్లేదనుకుంటా.

పటమట అక్క

బాబాయిగారూ, ‘వెనకనుంచి ఎక్కొచ్చు కదమ్మా’ అని మా పార్కులో కూడా రోజూ అడుగుతారు. ‘పైన ఏం దొరుకుద్దమ్మా?’ అని కూడా. ఏమీ దొరకదు. తేనెటీగల సంగతి చెప్పినందుకు మాత్రం దండం.

తమ్ముడూ, నా ఎత్తు 5 అడుగులు. 5 అడుగుల 4 అంగుళాలు నీకు తక్కువ అనిపిస్తే నేనేమనుకోవాలి? ఎత్తు వల్ల కదలిక మారుతుంది, అంతే. హైదరాబాద్ అన్నయ్య చెప్పిన హీల్ హుక్ ఆయన కాళ్ళకి సరిపోతుందేమో. వీడియోలో నువ్వు క్రింప్ పట్టుకున్నాక ఆ గట్టు చివర నీ తుంటి ఎత్తులో లేదు, ఇంకా కిందికీ, బాగా పక్కకీ ఉంది. మడమ అక్కడికి వేస్తే నడుము కిందికి దిగిపోతుంది, అంచు ఇంకా దూరమవుతుంది. వేసి చూడు, నాకైతే అనుమానమే.

నా మాట విను. కుడిచేత్తో అందుకోవాలంటే కుడి తుంటి రాయికి ఆనాలి. ఇప్పుడు నువ్వు ఛాతీ రాయి వైపు పెట్టి, మోకాళ్ళు రెండూ బయటికి తెరిచి కొడుతున్నావు. అలా ఉంటే భుజం ఎంత సాగినా ఒక హద్దు దాటదు. దాని బదులు కుడి పాదం బయటి అంచుని ఆ గట్టు మీద పెట్టి, మోకాలిని లోపలికి, కిందికి తిప్పు. డ్రాప్ నీ అంటారు. తుంటి దానంతటదే రాయికి అంటుకుంటుంది, భుజం జానెడు పైకి లేస్తుంది, కాళ్ళ మధ్య బిగువు వస్తుంది కాబట్టి ఊడదు. మోకాలి పక్కన నొప్పి తెలిస్తే వెంటనే వదిలెయ్. ఎక్కకపోయినా ఫరవాలేదు, మోకాలి లిగమెంట్‌తో ఆటలొద్దు.

ఇంకోటి ఎవరూ చెప్పలేదు. పక్కపట్టుకీ అంచుకీ మధ్యలో, కుడిపక్కన, ఒక చిన్న బుడిపె నాకు వీడియోలో కనపడింది. గార్నెట్టే అయ్యుంటుంది, మాస్టారు చెప్పాలి. దాన్ని పట్టుకుని ఆగక్కర్లేదు. కుడిచెయ్యి ముందు దాని మీద పడి, అక్కడ్నుంచి వెంటనే అంచుకి. రెండు చిన్న కదలికలు చేస్తే ఒక పెద్ద ఎగురుడు తప్పుతుంది. పొట్టివాళ్ళకి దొరికే పట్లు పొడుగువాళ్ళు చూడను కూడా చూడరు.

వేళ్ళ గురించి కూడా చెప్తా. ఆ క్రింప్ మీద బొటనవేలు చూపుడువేలి మీదకి ఎక్కించి మూసి పట్టుకుంటున్నావు. మానుకో. వేలి మొదట్లో స్నాయువుని ఎముకకి కట్టి ఉంచే పట్టీ ఉంటుంది, ఎ2 పుల్లీ అంటారు. అలా మూసి పట్టినప్పుడు బరువంతా దాని మీదే పడుతుంది. టప్‌మని శబ్దం వచ్చిందంటే నెలలు పోతాయి. కండ నెలల్లో పెరుగుతుంది, స్నాయువులకి రక్తం తక్కువ అందుతుంది, అవి గట్టిపడటానికి ఇంకా చాలాకాలం పడుతుంది. నీలాగా ముందే బలమున్న వాళ్ళకే ఈ ప్రమాదం ఎక్కువ, చేతులు లాగగలవు, వేళ్ళు ఇంకా తయారు కాలేదు. వేళ్ళు సగం మడిచి పట్టుకోవడం అలవాటు చేసుకో.

తెనాలి టు హైదరాబాద్

అక్కా, గట్టు అంత కిందికి ఉందని గమనించలేదు. నువ్వు చెప్పాక మళ్ళీ చూశా. ఆ కదలికకి డ్రాప్ నీ నయమే. కానీ చెయ్యి అంచు మీద పడ్డాక? అప్పుడు గుండ్రటి అంచు మీద రెండో చెయ్యి తేవాలి, పైకి లేవాలి. అక్కడ మడమ లేకుండా ఎలా లేస్తాడు? నా హీల్ హుక్‌ని అప్పుడే పారెయ్యకండి. అంచు మీద వేసుకోవాలి దాన్ని.

పట్నం బజారు పరుపులు

నేను కొండలెక్కను, పరుపులు కుడతాను. బూరుగుదూది పరుపు అన్నారు చూడండి, అక్కడే చదవడం ఆపి రాస్తున్నా. అది పడుకోవడానికి సార్, పడటానికి కాదు. ఒకేచోట నాలుగు దెబ్బలు తింటే దూది పక్కలకి పోద్ది, మధ్యలో మీ వీపుకీ నేలకీ గుడ్డ తప్ప ఏమీ మిగలదు.

మా కొట్టుకి హంపి పోయే కుర్రాళ్ళు వచ్చి కుట్టించుకుంటారు, వాళ్ళు చెప్పగా నేర్చుకున్నదే ఇది. పైన పలచగా గట్టి షీటు, జిమ్ముల్లో నేల మీద పరుస్తారే, ఆ ఈవీఏ రకం, ఒక అంగుళం. అది దెబ్బని వెడల్పుగా పంచుద్ది, మడమ ఒక్కచోట దిగిపోదు. దాని కింద మెత్తని పీయూ ఫోమ్ మూడు నాలుగు అంగుళాలు, డెన్సిటీ 32కి తగ్గకుండా. కొందరు అడుగున రీబాండెడ్, అంటే ఫోమ్ ముక్కలు అతికించిన షీటు, కూడా వేయించుకుంటారు, బరువు పెరుగుద్ది కానీ ఎక్కువకాలం వస్తది. గట్టిది పైన, మెత్తది కింద, తిరగేసి వేస్తే కాలు మెలిపడుద్ది. రెక్సిన్ తొడుగు అన్నారు. గాలి ఎక్కడికి పోవాలి? పడగానే బెలూన్‌లాగా నిలబడుద్ది లేదా కుట్టు పగిలిపోద్ది. పక్కలకి వల గుడ్డ వేయించండి, లేదా రంధ్రాలకి రింగులు కొట్టించండి. మోసుకుపోవడానికి స్కూలు బ్యాగు పట్టీలు చాలవు, సంచీ బెల్టు వేయించండి.

కొరిటెపాడు కుర్రోడు

ఒక్క రాయికి ఇన్ని జవాబులొస్తాయని అనుకోలేదు. వరసగా చెప్తా.

మాస్టారూ, మీరు చెప్పినట్టే పిడికిలితో తట్టా. క్రింప్ ఉన్న పలక ఖంగుమంది. దాని ఎడమపక్క జానెడు దూరంలో ఇంకో పలక డొల్లగా మోగింది, దాని మీద కాలు పెట్టడం మానేశా. బండ వెనక అడుగున చూస్తే రాతి మీదే ఆనింది, ఒక పక్కన వేపవేరు దూరి ఉంది. బుడిపె గార్నెట్టే, ఎర్రగా ఉంది, కంది గింజంత. అక్క కళ్ళకి నమస్కారం, ఇన్నాళ్ళూ నా ముక్కు ముందే ఉంది.

బాబాయిగారూ, ఇంట్లో చెప్పే వస్తున్నా. మా అమ్మ మీ మాటే అంటది. గేటు దగ్గర అటవీశాఖ ఆయనకి కూడా చెప్పా, మొదట నవ్వాడు, ఇప్పుడు ఆయనే ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

హీల్ హుక్ వేసి చూశా. తెనాలి అన్నా, అక్క చెప్పినట్టే నడుము దిగిపోతోంది, నా కాలికి అందట్లేదు. డ్రాప్ నీ మొదట బొత్తిగా కుదర్లేదు, మోకాలు తిప్పగానే పాదం జారేది. ప్యాడ్ మీద నిలబడి ఆ ఒక్క కదలికే చేస్తూ పోతే పాదం ఎక్కడ పెట్టాలో దొరికింది: గట్టు చివర కాదు, చివరికి నాలుగు వేళ్ళు ఇవతల చిన్న గుంట ఉంది. అక్కడ బూటు అంచు కూర్చుంటే తుంటి నిజంగానే అంటుకుంటోంది. అంతకుముందు కుడిభుజంతో చేసిన పని ఇప్పుడు కడుపుతో చేస్తున్నట్టుంది. మర్నాడు పొద్దున నవ్వాలన్నా పొట్ట నొప్పి.

ఇక్కడో యార్డు కష్టం చెప్పాలి, వేరే ఎవరికీ అర్థం కాదు. వేలి చివర్న చర్మం లేచి ఉన్నప్పుడు కోల్డ్ స్టోరేజీ సరుకు చూడటానికి పోయా. తేమ ఎంతుందో తెలియాలంటే తేజ రకం మిర్చి కాయని విరిచి, గింజ నలిపి చూడాలి, చేతికి తొడుగులేసుకుంటే తెలీదు. నలిపా. అవతల రైతు రేటు అడుగుతున్నాడు, నేను పళ్ళు బిగించి నిలబడ్డా. ఆయన దాన్ని బేరంలో బిగువు అనుకున్నట్టున్నాడు, రూపాయి తగ్గించాడు. చర్మం పోకుండా మీరంతా ఏం చేస్తారు?

పరుపుల అన్నా, నీ కొట్టుకి వస్తున్నా, కొలతలు నాలుగడుగులు బై మూడడుగులు.

పటమట అక్క

చర్మానికి మందులేమీ లేవు తమ్ముడూ. లేచిన అంచుని గోళ్ళతో పీకకు, సన్న గరుకు కాగితంతో అరగదీసి చదును చెయ్. రాత్రి పడుకునేముందు మైనం ఉన్న క్రీము ఏదైనా రాయి. చెయ్యి జారకుండా పూసుకునే చాక్ పొడి ఎక్కువ పూయొద్దు, అది మెగ్నీషియం కార్బొనేట్, చెమటతో పాటు చర్మంలో తేమ కూడా లాగేస్తుంది, ఎండిపోయిన చర్మం పగులుతుంది. మన బెజవాడ, గుంటూరు ఉక్కలో చాక్ లేకుండా కుదరదు, అందుకని వేసుకుని, ఎక్కడం అయ్యాక వెంటనే కడుక్కో. కాయ చూసే రోజున ఎక్కకు. లేదంటే ఎక్కిన రోజు కాయ మీ నాన్నని చూడమను.

పొద్దున్నే అంటే ఎన్నింటికి? డిసెంబరులో మరీ తెల్లారగట్ల వెళ్తే బండ మీద మంచు తడి ఉంటుంది. ఏడు దాటాక, ఎండ బండ మీద పడకముందు, అదీ మంచి వేళ. చల్లగా ఉంటే బూటు రబ్బరూ బాగా పడుతుంది, చర్మమూ జారదు. రోహిణి కార్తెలో అదే అంచు సబ్బు రాసినట్టుంటుంది, అప్పుడు నీ బలం గురించి బెంగపెట్టుకోకు.

కొరిటెపాడు కుర్రోడు

సంక్రాంతి సెలవుల్లో కాస్త తీరిక దొరికింది. సంగతి చెప్తా.

బుడిపె మీద రెండు వేళ్ళు, వెంటనే అంచు, డ్రాప్ నీ వదలకుండా. కాళ్ళు ఊడలేదు! కుడి అరచెయ్యి అంచు మీద, ఎడమచెయ్యి ఇంకా క్రింప్ మీద, నేను కదలకుండా అక్కడ వేలాడుతున్నా, తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. అంతదాకా ఎప్పుడూ రాలేదు కదా. గేటు ఆయన కింద నుంచి ‘ఎక్కండి సార్ ఎక్కండి’ అంటున్నాడు. ఎక్కడికి ఎక్కను? ఎడమచెయ్యి కూడా అంచుకి తెచ్చా, తెనాలి అన్న మాట గుర్తొచ్చి ఎడమ మడమ అంచు మీద వేశా, అది నిలబడింది. అక్కడ్నుంచి పైకి లేవలేకపోయా. పొట్ట అంచుకి ఆనుకుని, కాళ్ళు కొట్టుకుంటూ, చివరికి దిగిపోయా. కొత్త ప్యాడ్ బంగారం, పరుపుల అన్నకి దండం.

ఈ పైకి లేచే పని ఎలాగో చెప్పండి. యార్డు మొదలవ్వడానికి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి.

తెనాలి టు హైదరాబాద్

శభాష్. అదిగో, మడమ పనికొచ్చిందా లేదా?

ముందు వెనకనుంచి పైకి ఎక్కు, బాబాయిగారి మనవడి దారిలో. అంచు మీద ఎక్కడ దుమ్ము, ఎక్కడ ఆకులు, ఎక్కడ కాస్త గుంట ఉందో చేత్తో తడిమి చూడు, మెత్తని బ్రష్షుతో ఊడ్చు. కింద నుంచి కనపడని పట్టు అక్కడ ఒకటి ఉండి తీరుతుంది. ఇక లేవడం: మడమ వేసినవైపు, అంటే ఎడమ అరచేతిని తిప్పి వేళ్ళు నీ వైపు ఉండేలా పెట్టు, మోచెయ్యి ఆకాశంవైపు లేవాలి. ఇప్పుడు లాగడం కాదు, కిందికి నొక్కడం. మడమ మీదకి బరువు జరుపుతూ, తలని అంచు దాటించి ముందుకి వంచు. తల ముందుకి పోతే నడుము వెనకాలే వస్తుంది. మోకాలు పెట్టకు, పెడితే అక్కడే ఇరుక్కుంటావు, పైగా వీడియోలో బాగోదు. ఈ కదలికని ముందు నడుమెత్తు బండ మీద అలవాటు చేసుకో, కింద నుంచి అలిసిపోయి వచ్చాక కొత్తగా నేర్చుకోలేవు.

అక్కడ జారితే వంకరగా పడతావు, వెనక్కి కాదు, పక్కకి. ప్యాడ్ ఒక్కటే అయితే చాలదు. వీడియోలో బండ కింద నేల మీద ఒక కానుగ వేరు కనపడింది, అది ఎటువైపు ఉంది?

కొరిటెపాడు కుర్రోడు

వేరు సరిగ్గా నువ్వు చెప్పే పక్కనే ఉంది అన్నా. పాత దూది పరుపుని మడిచి వేరు మీద వేస్తా, కొత్తది మధ్యలో.

పటమట అక్క

దూది పరుపు వేరు మీద వద్దు, మాస్టారు ఒప్పుకున్నా పరుపుల అన్న ఒప్పుకోడు. ఆదివారం నేనూ మా చెల్లీ గుంటూరు వస్తున్నాం, మా దగ్గర రెండు ప్యాడ్లు ఉన్నాయి. ఒకళ్ళం వేరు వైపు నిలబడి నీ నడుముకి చేతులు అడ్డం పెడతాం. పార్కు ఎక్కడో విడిగా పంపు. ప్యాడ్లు బస్సులో పట్టవు, స్టాండులో ట్రాలీ ఆటో దొరుకుతుందా?

కొరిటెపాడు కుర్రోడు

నేనే తెస్తా అక్కా, కొట్టు ఆటో ఆదివారం ఖాళీ. వెనక కూర్చునేముందు తుడిపిస్తాలే, లేదంటే పార్కు చేరేదాకా ముగ్గురం తుమ్ముతూనే ఉంటాం.